అంటుజ్వరములు – ఊరి లెక్కలు

(గ్రంథాలయ రజతోత్సవ సభలో చేసిన ఉపన్యాసము)



ఒక పల్లెలో ఒక గ్రంథాలయము ఇరువదియైదు సంవత్సరములు దీపమారకుండ నిలుచుట సామాన్యమైన సంగతి కాదు. ఇట్టి శుభసమయమున రోగముల మాట యేల యని మీలో కొందరికి తోచవచ్చును. నేను మాటలాడ దలచినది రోగమును పట్టియిచ్చు లెక్కను గూర్చి. ఏ పుస్తకము ఎవరు తీసికొనిపోయిరి, ఏ తేదీని తిరిగి యిచ్చిరి యని ప్రతిదినము వ్రాసిపెట్టు ఈ సంస్థకు ఆ విషయము పరాయిది కాదు.

నేను హైదరాబాదులోని ఎర్రమంజిలు నుండి వచ్చితిని. ఫక్రుల్ ముల్క్ నవాబు గుట్టపై కట్టించిన మేడకు, స్వర్గోద్యానమను అర్థము వచ్చునట్లు, పారసీకమున 'ఇరం మంజిల్' అని పేరు. మన నాలుకపై అది ఎర్రమంజిలైనది. అచ్చటికి కొలది దూరముననే, బేగంపేటలో, రోనాల్డ్ రాస్ పేరు ధరించిన పాత కట్టడము గలదు. దోమ కడుపులో మలేరియా క్రిమిని ఆయన సికిందరాబాదులో కనుగొనినది 1897 ఆగస్టు 20వ తేదీన. అందులకు 1902లో నోబెల్ బహుమానము లభించెను. ఇది బడిపిల్లలును ఎరిగిన కథ. వ్యాధి యొక జనసమూహములో ఎంత వేగముగ వ్యాపించునో గణితముచే తెలియవచ్చునని ఆయన తరువాత వ్రాసిన వ్రాతలు మాత్రము పలువురెరుగరు. 1917లో హిల్డా హడ్సన్ అను గణిత విదుషితో కలిసి ఆ శాస్త్రమును ఆయన విస్తరింపజేసెను.

పదేండ్ల తరువాత, 1927లో, కెర్మాక్, మెకెండ్రిక్ అను ఇరువురు ఆ మార్గమునే అనుసరించిరి. మెకెండ్రిక్ మన దేశమున వైద్యోద్యోగము చేసినవాడే. వారి యుక్తి సులభమైనది. ఊరి జనమును మూడు భాగములు చేయుడు: ఇంకను రోగము సోకనివారు, రోగముతో నున్నవారు, కోలుకొనియో మరణించియో ఆ వరుస నుండి తప్పుకొనినవారు. ఒక రోగి ఇద్దరికి అంటించినచో, వారిద్దరు నలుగురికి అంటింతురు. ఇట్లు పది విడతలైనచో ఆ విడతలోనే 1,024 మంది మంచము పట్టుదురు. సోకనివారు తరిగిన కొలది వేగము తగ్గును. ఈ సూత్రమును వారు సరిపోల్చుకొనిన పట్టిక ఏదియందురు? 1905 డిసెంబరు మొదలు 1906 జూలై వరకు బొంబాయిలో ప్లేగు మరణముల లెక్క. మన వారి చావులే ప్రపంచమునకు పాఠమైనవి. ఆ లెక్క వ్రాసిన గుమాస్తాల పేర్లు ఎవరికిని తెలియవు.

లెక్క చెడినప్పుడు ఏమగునో 1918 నాటి ఇన్‌ఫ్లుయెంజా చూపినది. జూన్ నెలలో బొంబాయి రేవున తలచూపి, వానకాలము చివర రెండవమారు విజృంభించి, పల్లెపల్లెను తుడిచిపెట్టినది. నాటి మరణములలో అధికభాగము గ్రామపు రిజిస్టర్లలో 'జ్వరము' అను ఒకే గడిలో పడినవి. వ్రాయవలసినవాడే మంచము పట్టినచోట ఆ గడియు నిండలేదు. హైదరాబాదు సంస్థానపు జనసంఖ్య 1911లో 1 కోటి 33 లక్షలకు పైబడియుండెను. 1921 నాటికి అది 1 కోటి 24 లక్షల చిల్లరకు దిగినది. పదేండ్లలో పెరుగవలసిన జనము తొమ్మిది లక్షలు తరిగినది. ఇందులో కరవు పాలెంత, ప్లేగు పాలెంత, ఇన్‌ఫ్లుయెంజా పాలెంత యని ఊరూర విడదీసి చెప్పగల కాగితము లేదు. దేశమంతటి మృతుల సంఖ్య 1 కోటి 20 లక్షలని కొందరు, 2 కోట్లని కొందరు నేటికిని తర్కించుచున్నారు. ఆ తర్కములో మన తాతముత్తాతల పేర్లు కూడ మునిగియున్నవి.

1957 మే నెలలో సింగపూరు దిక్కు నుండి వచ్చిన ఓడతో మరియొక ఇన్‌ఫ్లుయెంజా మద్రాసు రేవున దిగినది. మరుసటి ఫిబ్రవరి నాటికి దేశమున 44 లక్షలకు మించి రోగులు, సుమారు 1,100 మరణములు లెక్కకు వచ్చినవి. అప్పటికే, 1952లో, ప్రపంచ ఆరోగ్య సంస్థ ఇన్‌ఫ్లుయెంజా ప్రయోగశాలలను ఒక గొలుసుగ కూర్చియుండెను. కూనూరులోని పాశ్చర్ సంస్థ నాడు మన దేశపు కేంద్రముగ నుండెను. నేడు అనేక దేశముల లెక్కలు వారము వారము ఒకచోట చేరుచున్నవి.

2009లో వచ్చిన కొత్త రకపు ఇన్‌ఫ్లుయెంజాకు ఓడతో పనిలేకపోయినది. మన దేశమున మొదటి రోగి ఆ మే నెలలో హైదరాబాదుననే బయటపడెను. అమెరికా నుండి విమానములో వచ్చిన ప్రయాణికుడు. కావుననే నేటి గణితజ్ఞులు రోగుల పట్టికతో తృప్తి పడరు. విమానముల, రైళ్ళ రాకపోకలు కావలెను. ఏ యీడువారు ఏ యీడువారితో దినమునకు ఎంతమందిని కలియుదురో కావలెను. ఐరోపాలోని ఎనిమిది దేశములలో 7,290 మంది తాము ఒకదినము కలిసిన వారినెల్ల వ్రాసియిచ్చిరి. ఆ పట్టిక 2008లో ప్రకటితమైనది. పిల్లలు తమ యీడు పిల్లలతోనే మిక్కిలిగ కలియుదురని అందు తేలినది. కాని మన సంత, మన జాతర, ఒకే కప్పు క్రింద మూడు తరములు నివసించు మన ఇల్లు ఆ పట్టికలో లేవు. పరుల కొలతతో కుట్టిన చొక్కా మనకు సరిపోవునా?

కోవిడు కాలము ఈ ప్రశ్నను మన ముంగిట నిలిపినది. 2020లో హైదరాబాదులోని సీసీఎంబీ, ఐఐసీటీ శాస్త్రజ్ఞులు నగరపు మురుగునీటిని పరీక్షించి, పరీక్షలలో తేలినవారికంటె ఎన్నో రెట్లుగ, ఆరు లక్షలకు పైగా జనులకు రోగము సోకియుండునని అంచనా వేసిరి. ఆ అక్టోబరులోనే, హైదరాబాదు ఐఐటీ ఆచార్యుడు విద్యాసాగర్ అధ్యక్షతన నున్న జాతీయ సంఘము, 2021 ఫిబ్రవరి నాటికి మహమ్మారి అణగునని గణించినది. ఏప్రిల్, మే నెలలలో వచ్చిన రెండవ కెరటము ఆ గణనను దాటిపోయినది. వైరసు మారినది, జనుల నడత మారినది. నిన్నటి అంకెలు రేపటిని మోయజాలకపోయినవి. 2020, 2021 సంవత్సరములలో మన దేశమున సాధారణముకంటె 47 లక్షల మరణములు అధికముగ జరిగెనని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2022లో అంచనా వేసినది. ప్రభుత్వపు కోవిడు లెక్క ఐదు లక్షల లోపుననే యుండెను. సంస్థ వేసిన అంచనాను మన ప్రభుత్వము అంగీకరింపలేదు. ఈ వివాదమును వాదముతో తీర్పజాలము. ప్రతి చావును, దాని కారణమును, సకాలమున వ్రాసియున్న రిజిస్టరు ఒక్కటే దానిని తీర్పగలదు. 2020లో నమోదైన మరణములలో వైద్యుడు కారణము ధ్రువపరచినవి నూటికి ఇరువదిమూడైనను కావు.

కావున ఈ రజతోత్సవ సందర్భమున మిమ్ము రెండు కోరికలు కోరుచున్నాను. మొదటిది: ఇంట ఎవరైన కాలధర్మము నొందినచో ఇరువదియొక్క దినములలో నమోదు చేయించుడు. వ్రాయుట వచ్చినవారు రానివారికి తోడుపోవలెను. ఆ సేవకు గ్రంథాలయమే కేంద్రము కావలెను. రెండవది: బడి ఉపాధ్యాయులతోను, ఆశా కార్యకర్తలతోను కలిసి, ఈ వారము జ్వరముతో బడి మానిన పిల్లలెందరో ఒక పుస్తకమున వ్రాసియుంచుడు. పేర్లు వలదు, సంఖ్య చాలును. ఏ వారమున ఆ సంఖ్య హఠాత్తుగ పెరిగినదో, ఆ వారముననే ప్రాథమిక ఆరోగ్య కేంద్రమునకు కబురు పంపుడు.

దానికి కావలసినది ఒక కలము, ఒక కాగితము, వారము తప్పని శ్రద్ధ. మొదటి రెండును ఏ అంగడిలోనైన దొరకును. మూడవది ఈ గ్రంథాలయమునందు ఇరువదియైదు సంవత్సరములుగ నున్నదని నేడు కన్నులార చూచితిని. ఈ సంస్థ స్వర్ణోత్సవమును, వజ్రోత్సవమును చూచుగాక యని ఆకాంక్షించుచు సెలవు తీసికొనుచున్నాను.