వేడినీటితో విత్తనశుద్ధి



పెరట్లో కూరగాయలు పెంచేవారు మనలో చాలామంది ఉన్నారు. క్యాబేజీ నారు చక్కగానే మొలుస్తుంది. తరువాత ఆకు అంచున పసుపు మచ్చ మొదలై లోపలికి పాకుతుంది, ఈనెలు నల్లబడతాయి. ఇది నల్లకుళ్ళు తెగులు. దీని బాక్టీరియా విత్తనంతోనే రావచ్చు. పైపైన పట్టించే మందు గింజ లోపలికి చేరదు, వేడి చేరుతుంది.

విత్తనాలను పలుచని గుడ్డలో వదులుగా మూటకట్టి 10 నిమిషాలు గోరువెచ్చని నీటిలో ఉంచాలి. ఆపైన 50 డిగ్రీల సెంటీగ్రేడు నీటిలో క్యాబేజీ, టమాటా, వంగ గింజలను 25 నిమిషాలు, కాలీఫ్లవర్ గింజలను 20 నిమిషాలు ఉంచాలి. వెంటనే చన్నీటిలో ముంచి, నీడలో ఆరబెట్టి, త్వరగా విత్తుకోవాలి.

క్రిమి చచ్చే వేడికీ, గింజలోని మొలక చచ్చే వేడికీ తేడా కొద్ది డిగ్రీలే. వేడి తగ్గితే తెగులు మిగులుతుంది. ఎక్కువైతే మొలకశాతం పడిపోతుంది. మొలిచినవీ ఆలస్యంగా, నీరసంగా వస్తాయి. కనుక వేలు పెట్టి అంచనా వేయరాదు. జ్వరం చూసే థర్మామీటరు ఇంత వేడిని చూపదు. నీటి వేడి కొలిచేది వేరే కొనుక్కోవాలి.

చిక్కుడు, బఠాణీ, దోస, గుమ్మడి గింజలకు ఈ పద్ధతి వద్దు, దెబ్బతింటాయి. ఏళ్ళతరబడి దాచిన గింజలూ తట్టుకోలేవు. ఊరినుంచి తెచ్చుకున్న విత్తనం పోతే మళ్ళీ దొరకదు. అందుచేత ముందు 50 గింజలను శుద్ధిచేసి, చేయని 50 గింజలతోపాటు తడిగుడ్డలో మొలకెత్తించి చూడండి. రెండూ సమంగా మొలిస్తేనే మిగతావాటిని వేడినీటిలో వేయండి.