లెక్క ఎక్కడి నుంచి మొదలుపెడతాం?

స్నాతకోత్సవంలో సాధారణంగా గెలుపు గురించి మాట్లాడతారు. నేను హింస గురించి మాట్లాడదలుచుకున్నాను. దాన్ని చూడటం, దాని గురించి వినడం అందరికీ అలవాటే. దాన్ని కూర్చుని చదువుకుంటే మనిషి ఆలోచనలో ఏం మారుతుందన్నది నా ప్రశ్న.

కొత్తకోటలో హైదరాబాద్ బస్సెక్కితే 44వ నంబరు జాతీయ రహదారి మీద, షాద్‌నగర్ దగ్గర చటాన్‌పల్లి వంతెన వస్తుంది. మీలో చాలామంది ఆ వంతెన దాటే ఉంటారు. 2019 నవంబర్ చివర్లో ఒక పశువైద్యురాలి మీద అత్యాచారం చేసి, చంపి, శవాన్ని ఆ వంతెన కింద కాల్చేశారు. డిసెంబర్ 6 తెల్లవారుజామున నలుగురు నిందితులనూ పోలీసులు అక్కడికే తీసుకెళ్లారు. నలుగురూ కాల్పుల్లో చనిపోయారు. పొద్దెక్కేసరికి వంతెన మీద జనం, పోలీసుల మీద పూలు, మిఠాయిలు. ఆ కోపాన్ని తప్పుపట్టే హక్కు ఎవరికీ లేదు, ఆ అమ్మాయికి జరిగిన ఘోరం అలాంటిది. కానీ కోపం ఒక లెక్క వేసింది: నేరంతో మొదలుపెట్టి తూటాతో ముగించింది. సుప్రీంకోర్టు డిసెంబర్ 12న నియమించిన జస్టిస్ సిర్పూర్కర్ కమిషన్ లెక్కను తూటా దగ్గర మళ్లీ తెరిచింది. పిస్తోళ్లు లాక్కున్నారన్న మాట, కళ్లలో మట్టి కొట్టారన్న మాట, పారిపోతూ కాల్చారన్న మాట, ఒక్కొక్కటీ విడదీసి సాక్ష్యంతో పోల్చి చూసింది. పోలీసుల కథనం నమ్మదగ్గది కాదని, చంపాలనే ఉద్దేశంతోనే కాల్చారని, చనిపోయినవారిలో ముగ్గురు మైనర్లని, 10 మంది పోలీసుల మీద హత్యానేరం కింద విచారణ జరగాలని తేల్చింది. అది తుది తీర్పు కాదు. వ్యవహారం హైకోర్టు ముందుకు వెళ్లింది. అయినా ఆ నివేదిక చదివినవారికి ఆ వంతెన మునుపటిలా కనిపించదు. చదవకముందు అక్కడ న్యాయం జరిగిందని అనుకున్నాం. చదివాక, న్యాయం జరిగే అవకాశమే అక్కడ చచ్చిపోయిందేమోనన్న అనుమానం మొదలవుతుంది. ఆ అమ్మాయిని చంపింది ఎవరన్నది ఏ న్యాయస్థానంలోనూ రుజువు కాలేదు, ఇక కాదు కూడా.

అందుకే నేననేది ఇది. హింసను చదివితే ముందు మారేది లెక్క మొదలుపెట్టే చోటు. మన పక్షం వెంటనే మారకపోవచ్చు, అసలు మారకపోవచ్చు కూడా. దీనికి నల్లగొండ జిల్లా కంటే పెద్ద పాఠ్యపుస్తకం లేదు. అప్పట్లో ఆ జిల్లాలో భాగమైన కడవెండిలో 1946 జులై 4న విసునూరు దేశ్‌ముఖ్ మనుషులు ఊరేగింపు మీద కాల్పులు జరిపారు, దొడ్డి కొమురయ్య చనిపోయాడు. తెలంగాణ సాయుధ పోరాటానికి అదే ఆరంభమని బడిలో చెప్పుకుంటాం. తూటాలే హింస అనుకుంటే ఆ తేదీ సరిపోతుంది. కానీ అంతకుముందు దశాబ్దాలుగా చాకలి ఊరికే బట్టలు ఉతికాడు, కుమ్మరి ఊరికే కుండలు ఇచ్చాడు, గొల్ల కురుమలు గడికి ఊరికే గొర్రెను పంపారు. కాదంటే ఏమవుతుందో అందరికీ తెలుసు కాబట్టి కొట్టాల్సిన అవసరం కూడా రోజూ రాలేదు. వెట్టిని హింస కింద రాసుకుంటే ఆరంభ తేదీయే దొరకదు. ఇంకో అడుగు ముందుకు వేసినవాళ్లు స్త్రీశక్తి సంఘటన కార్యకర్తలు. పోరాటంలో పనిచేసిన ఆడవాళ్లను వెతికి, కూర్చోబెట్టి మాట్లాడించి 1986లో ‘మనకు తెలియని మన చరిత్ర’ అచ్చువేశారు. అప్పటిదాకా ఆ చరిత్రలో తుపాకులు, దళాలు, అమరులు ఉన్నారు. ఈ పుస్తకంలో దళం నడకకు అడ్డమని కన్నబిడ్డను వదులుకోవాల్సి వచ్చిన తల్లి ఉంది, పోరాటం ముగిశాక ఇక ఇంటికి పొమ్మంటే తెల్లబోయిన కార్యకర్త ఉంది. దొరల మీద కోపం ఆ పుస్తకం చదివితే తగ్గదు. లెక్కలోకి రానిది ఇంకా ఎంత ఉందో తెలిసివస్తుంది.

ఈ చదువు ఒక మనిషిని ఎంత దూరం తీసుకెళ్లగలదో చూడాలంటే కె. బాలగోపాల్‌ను చూడాలి. ఆయన గణితశాస్త్రంలో డాక్టరేట్ చేసి, కాకతీయ విశ్వవిద్యాలయంలో పాఠాలు చెప్పి, పౌరహక్కుల సంఘం బాధ్యత భుజాన వేసుకున్నారు. ఎన్‌కౌంటర్ జరిగిన ఊరికి పోవడం, చూసినవాళ్లతో మాట్లాడటం, నిజనిర్ధారణ నివేదిక రాయడం: ఏళ్ల తరబడి ఆయన పని ఇదే. పోలీసు ప్రకటనలు మీరూ పత్రికల్లో చూసే ఉంటారు. గాలింపు జరుపుతుండగా తారసపడ్డారు, లొంగిపొమ్మంటే వినలేదు, ఆత్మరక్షణ కోసం ఎదురుకాల్పులు జరిపాం. ఊరి పేరు, తేదీ మార్చితే ఏ ప్రకటనైనా ఇంకో ప్రకటనకు సరిపోతుంది. లెక్కల మాస్టారుకు ఆ పోలిక ఒక్కటి చాలు అనుమానానికి. అయితే అదే ఊళ్లలో ఇన్‌ఫార్మర్ అన్న ముద్రతో నక్సలైట్ దళాలు చంపిన బీదవాళ్ల ఇళ్లు కూడా ఉన్నాయి. రాజ్యం వేసే ప్రతి అడుగునూ ప్రశ్నించే కొలబద్ద, ఆ ఇళ్ల ముందు మూగపోవడానికి వీల్లేదని ఆయన వాదించారు. సొంత సంఘంలో ఆ వాదన ఇమడలేదు. దాంతో 1998లో మానవ హక్కుల వేదిక పుట్టింది. 2009 అక్టోబర్‌లో చనిపోయేదాకా ఆయన ఎన్‌కౌంటర్ల మీద పోరాటం ఆపలేదు. ఎస్.ఆర్. శంకరన్ అటువైపు నుంచి ఇదే దారికి వచ్చారు. 1987లో గుర్తేడు దగ్గర నక్సలైట్లు అపహరించిన ఐఏఎస్ అధికారుల్లో ఆయన ఒకరు. పదేళ్ల తర్వాత ప్రభుత్వాన్నీ నక్సలైట్లనూ చర్చలకు ఒప్పించే పౌరుల కమిటీకి ఆయనే పెద్దదిక్కు అయ్యారు. ఇద్దరికీ సొంత అనుభవం ఇచ్చిన సులువైన జవాబు ఒకటి చేతిలోనే ఉంది. ఇద్దరూ దానితో ఆగలేదు.

దీనికి మొదటి అభ్యంతరం అందరికీ తెలిసిందే: కారణాలు వెతకడమంటే నేరస్తుణ్ని వెనకేసుకురావడమేనని. నాకు ఇది తలకిందుల మాటగా తోస్తుంది. కారణం తెలియనివాడే బాధ్యతను గుంపు మీదికో కులం మీదికో విసిరేస్తాడు. చదివినవాడు ఆదేశం ఎవరిది, చెయ్యి ఎవరిది, చూసి నోరు మూసుకున్నది ఎవరు అని పేరుపేరునా విడదీయగలడు. శిక్షకు కావాల్సింది అదే కదా.

రెండో అభ్యంతరం బరువైనది. పాత గాయాలు ఎందుకు రేపాలి? 1948 సెప్టెంబర్ పోలీసు చర్య గురించి మన పెద్దలు చాలామంది ఇలాగే అన్నారు. రజాకార్ల దౌర్జన్యం ఎరిగిన తరం అది, వారి మాటను తేలిగ్గా కొట్టేయలేం. ఆ చర్య సమయంలోనూ తర్వాతా ముస్లింల మీద జరిగినదాన్ని విచారించడానికి నెహ్రూ ప్రభుత్వం పండిట్ సుందర్‌లాల్ బృందాన్ని పంపింది. హైదరాబాద్ సంస్థానంలోని 16 జిల్లాల్లో 9 తిరిగి, మృతులు 27 వేల నుంచి 40 వేల దాకా ఉంటారని వారు అంచనా వేశారు. ఆ నివేదిక దశాబ్దాలు అచ్చుకు నోచుకోలేదు. మౌనం గాయాన్ని మాన్పిందా అంటే, లేదు. ఒకరు రజాకార్లతో మొదలుపెడతారు, ఇంకొకరు సెప్టెంబర్ 17తో మొదలుపెడతారు, ఎవరి లెక్క వారికి సరిపోతుంది. రెండింటినీ ఒకే పేజీ మీదికి తెచ్చే పని మాత్రం జరగలేదు. ఆ దాచిన కాగితాల్లోనే, దాడుల నుంచి ముస్లిం నేతగాళ్లను కాపాడిన హిందూ నేతగాళ్ల ప్రస్తావన కూడా ఉంది. మగ్గం చప్పుడు తెలిసిన ఈ ప్రాంతపు పిల్లలకు ఆ ఒక్క విషయం అరవై ఏళ్ల ముందే తెలిసుంటే బాగుండేది. నివేదికను దాస్తే చావులతోపాటు అదీ దాగిపోయింది.

ఇలాంటివి చదివి చదివి గుండె బండబారుతుందన్న భయమూ ఉంది. బండబారవచ్చు. కానీ అరచేతిలో ఫోన్ పట్టుకుని, దాడి వీడియోను పదిసెకన్లు చూసి బొటనవేలితో తోసేసి, తర్వాతిది చూసే అలవాటుతో బండబారేదే ఎక్కువ. చదవాలంటే కనీసం ఆ మనిషి దగ్గర ఒక పూట ఆగాలి.

మీలో కొందరు ఎస్‌ఐ, కానిస్టేబుల్ పరీక్షలు రాస్తారు, కొందరు లా చదువుతారు, కొందరు విలేకరులవుతారు, కొందరు టీచర్లవుతారు. ఏదో ఒకరోజు మీ ముందుకు ఒక పంచనామా వస్తుంది, ఒక ప్రకటన వస్తుంది, లేదా ఒక పిల్లవాడి వీపు మీద వాత కనిపిస్తుంది. అంతదాకా ఆగనక్కర్లేదు. సిర్పూర్కర్ కమిషన్ నివేదికను సుప్రీంకోర్టు సీల్డు కవరులో ఉంచనివ్వలేదు, 2022 మేలో అందరికీ తెరిచింది. 387 పేజీలు. ఈ సెలవుల్లో చదవండి.