పాయింట్లు, టాపెట్లు, పాత బుల్లెట్
1955లో మద్రాసులో ఎన్‌ఫీల్డ్ ఇండియా సంస్థ ఏర్పడింది. అక్కడ తయారైన బుల్లెట్ మోటార్‌సైకిల్‌కు దశాబ్దాలపాటు పోత ఇనుప సిలిండరే ఉండేది. ఆ పాత బండి ఉన్నవాళ్లు చిన్న రిపేర్లు చాలావరకు సొంతంగా చేసుకోవచ్చు. నాలుగు స్పానర్లు, స్క్రూడ్రైవర్, ఫీలర్ గేజ్ ఉంటే చాలు.

ఎన్ని కిక్కులు కొట్టినా స్టార్ట్ కాకపోతే ముందు స్పార్క్‌ను నియంత్రించే పాయింట్లు చూడాలి. మూత విప్పి ఇంజన్‌ను మెల్లగా తిప్పితే రెండు చిన్న లోహపు బిళ్లలు విడిపోతూ కనిపిస్తాయి. అవి పూర్తిగా విడిపోయినప్పుడు మధ్య సందు 0.35 నుంచి 0.40 మిల్లీమీటర్లు ఉండాలి. నల్లబడితే సన్న గరుకు కాగితంతో రుద్ది, పెట్రోలు గుడ్డతో తుడవాలి. నూనె జిడ్డు మిగిలితే స్పార్క్ సరిగా రాదు.

ఇక వాల్వుల సందును సరిచేసే టాపెట్ల పని ఇంజన్ పూర్తిగా చల్లారాకే.

పిస్టన్ కంప్రెషన్‌లో పైకి చేరాక పుష్ రాడ్‌ను రెండు వేళ్లతో తిప్పాలి. సులువుగా తిరగాలి, పైకీ కిందకీ ఆడకూడదు. ఇంత ముచ్చటైన పని బండిలో మరొకటి లేదు! అలా లేకపోతే టాపెట్‌ను సరిచేసి లాక్‌నట్ బిగించాలి. బిగిస్తుంటే సెట్టింగ్ కాస్త జరుగుతుంది కాబట్టి, బిగించాక మళ్లీ తిప్పి చూడాలి. క్రాంక్ విప్పే పని మాత్రం ప్రెస్ ఉన్న మెకానిక్‌కే వదిలేయాలి.