కణితిలో కాపురముండే సూక్ష్మజీవులు

(ప్రపంచ క్యాన్సర్ దినం సందర్భంగా బ్యాంకు శిక్షణ కేంద్రంలో సిబ్బందికి, వారి కుటుంబ సభ్యులకు ఇచ్చిన ప్రసంగ పాఠం)

మా వారు ఈ బ్యాంకులో ముప్పై నాలుగేళ్ళు పనిచేసి రిటైరయ్యారు. ఆయన బదిలీల వెంట తిరుగుతూ, ఏ ఊళ్ళో ఖాళీ దొరికితే ఆ ఊళ్ళో కాలేజీ పిల్లలకు సూక్ష్మజీవశాస్త్రం చెప్పాను. నేను డాక్టర్ని కాను. మందులు రాయలేను, క్రిముల సంగతి మాత్రం చెప్పగలను.

క్యాన్సర్ కణితి అంటే మన కణాలే అదుపు తప్పి పెరిగిన ముద్ద. ఆ ముద్దలో వేరే జీవులు కూడా ఉంటాయని చాలాకాలం ఎవరూ పెద్దగా పట్టించుకోలేదు. 2020లో ఇజ్రాయెల్‌లోని వైజ్‌మన్ సంస్థ శాస్త్రవేత్తలు 1,526 నమూనాలను పరీక్షించారు. కొన్ని కణితులవి, కొన్ని వాటి పక్కనున్న మామూలు కండవి. రొమ్ము, ఊపిరితిత్తి, అండాశయం, క్లోమం, చర్మం, ఎముక, మెదడు, ఇలా ఏడు రకాల క్యాన్సర్లు. అన్ని రకాల్లోనూ బ్యాక్టీరియా ఆనవాళ్ళు కనిపించాయి. ఎక్కువ భాగం కణాల లోపలే దాక్కుని ఉన్నాయి. రకాన్ని బట్టి క్రిములూ మారాయి.

ఇక్కడే అసలు తగువు. ఇవి ఇల్లు కూల్చినవా, ఇల్లు కూలాక వచ్చి చేరినవా? కణితి లోపల రక్తనాళాలు సరిగ్గా ఉండవు, ప్రాణవాయువు తక్కువ, రోగనిరోధక కణాల కాపలా కూడా అంతంత మాత్రం. గాలి గిట్టని క్రిములకు అంతకంటే మంచి చోటు ఏముంటుంది? దొరికినంత మాత్రాన దొంగ అనలేం. దొంగతనం చేసినట్టు రుజువు కావాలి.

కడుపులో ఉండే హెలికోబ్యాక్టర్ పైలోరీ విషయంలో ఆ రుజువు ఎప్పుడో దొరికింది. ఆస్ట్రేలియాలో బ్యారీ మార్షల్, రాబిన్ వారెన్ దాన్ని పట్టుకున్నారు. ఎవరూ నమ్మకపోతే 1984లో మార్షల్ ఆ క్రిములు కలిపిన ద్రవం తానే తాగి జబ్బు తెచ్చుకున్నాడు. 2005లో ఇద్దరికీ నోబెల్ వచ్చింది. అది ఏళ్ళ తరబడి కడుపు పొరను రేపి, కొందరిలో క్యాన్సర్‌కు దారి తీస్తుంది. కొందరిలోనే అన్నమాట గుర్తుంచుకోండి. మన దేశంలో ఆ క్రిమి ఉన్నవాళ్ళు కోకొల్లలు, కడుపు క్యాన్సర్ వచ్చేది చాలా కొద్దిమందికే.

నాకు ఎక్కువ ఆసక్తి కలిగించేది ఇంకొకటి, ఫ్యూసోబ్యాక్టీరియం న్యూక్లియేటమ్. పేరు పొడుగే గానీ మనకు కొత్తదేం కాదు, పళ్ళ గారలో ఉండే క్రిమే. చిగుళ్ళ జబ్బున్న వాళ్ళ నోట్లో మరీ ఎక్కువ. 2012లో బోస్టన్‌లో ఒక బృందం, కెనడాలో మరో బృందం విడివిడిగా పెద్దపేగు క్యాన్సర్ కణితుల్లో దీన్ని చూశాయి. నోట్లో ఉండాల్సింది పేగు చివర కణితిలో ఏం చేస్తోంది? కణితి కణాల మీద ఒక రకం చక్కెర పదార్థం ఎక్కువగా ఉంటుంది. ఈ క్రిమి ఒంటిమీదున్న ఒక ప్రోటీన్ ఆ చక్కెరను పట్టుకుంటుంది. అదే ప్రోటీన్ రోగనిరోధక కణాల మీదున్న ఒక మీటను కూడా నొక్కుతుంది. మీట నొక్కగానే ఆ కణాలు దాడి ఆపేస్తాయి. బ్రాంచిలోకి చొరబడినవాడు గేటు దగ్గర గార్డుని మాటల్లో పెట్టినట్టు!

2017లో మరో సంగతి తేలింది. పేగు క్యాన్సర్ కాలేయానికి పాకినప్పుడు ఈ క్రిమి కూడా దాంతో వెళ్తోంది. అలాంటి మనిషి కణితిని ఎలుకల్లో పెంచి, విరేచనాలకు మన ఇళ్ళలో వాడే మెట్రోనిడజోల్ ఇస్తే, క్రిములు తగ్గాయి, కణితి పెరగడం నెమ్మదించింది. ఎలుకల్లో అని మరోసారి చెబుతున్నాను.

ఎందుకు చెబుతున్నానంటే, అదే ఏడాది వచ్చిన ఇంకో పరిశోధన మా ఇంటి దాకా వచ్చింది. క్లోమం క్యాన్సర్‌కు ఇచ్చే జెమ్‌సిటబిన్ అనే కీమో మందును కొన్ని బ్యాక్టీరియాలు విరగ్గొట్టి పనికిరాకుండా చేస్తాయని వైజ్‌మన్ వాళ్ళు చూపించారు. 113 మంది రోగుల కణితులు చూస్తే 86 మందిలో బ్యాక్టీరియా ఉంది. ఎలుకలకు యాంటీబయాటిక్ ఇస్తే కీమో మళ్ళీ పనిచేసింది. మా పిన్ని కొడుకు అదే క్యాన్సర్‌తో అదే మందు ఎక్కించుకుంటున్నాడు. ఎవరో ఈ సంగతి ఫోనుకు పంపారు. రాత్రి పదకొండింటికి ఫోన్ చేశాడు. "అక్కా, సిప్రోఫ్లాక్సాసిన్ మన మందుల షాపులో దొరికేదేగా, రేప్పొద్దున మొదలుపెట్టేస్తాను."

"వద్దు నాన్నా, ముందు మీ డాక్టరుగారిని అడుగు" అన్నాను. వాడికి కోపం వచ్చింది. ఆ ఆశకు అడ్డం పడటం నాకు మాత్రం తేలికా? కానీ కీమోలో తెల్లకణాలు పడిపోయి జ్వరమొచ్చినప్పుడు ప్రాణం నిలబెట్టేవి యాంటీబయాటిక్‌లే. ముందే ఇష్టమొచ్చినట్టు మింగితే వాటికి లొంగని క్రిములు తయారవుతాయి. పేగులోని మంచి క్రిములూ పోతాయి. ఇమ్యునోథెరపీకి కాస్త ముందు యాంటీబయాటిక్‌లు వాడిన వారిలో ఆ చికిత్స ఫలితం తక్కువగా ఉందని చాలా పరిశీలనలు చెబుతున్నాయి. మర్నాడు వాడు డాక్టరుగారిని అడిగాడు. ఆయనా వద్దనే అన్నారు.

ఈ శాస్త్రంలో ఆడిట్ కూడా గట్టిగానే ఉందండోయ్. క్యాన్సర్ రకానికొక సూక్ష్మజీవుల ముద్ర ఉందని, రక్తంలో చూసి క్యాన్సర్‌ను చెప్పవచ్చని 2020లో నేచర్ పత్రికలో పెద్ద వ్యాసం వచ్చింది. వేరేవాళ్ళు లెక్కలు తిరగేస్తే, మనిషి డీఎన్‌ఏ ముక్కల్నే బ్యాక్టీరియావిగా జమ కట్టినట్టు తేలింది. 2024లో ఆ వ్యాసాన్ని వెనక్కు తీసుకున్నారు. ఈలోగా దాన్ని నమ్ముకుని మరికొన్ని వ్యాసాలు వచ్చేశాయి. తప్పు ఎంట్రీ మీద వడ్డీ కట్టినట్టయింది.

అన్ని క్రిములూ శత్రువులే అనుకోకండి. మన ఎడమ భుజం మీద మచ్చ పెట్టిన బీసీజీ ఉందే, అది బలహీనపరిచిన బ్యాక్టీరియానే. 1948లో మన దేశంలో ఆ టీకాలు మొదలైన చోట్లలో మదనపల్లె ఒకటి. అదే బీసీజీని మూత్రాశయంలోకి గొట్టం ద్వారా పంపితే, పైపొరలో ఉన్న క్యాన్సర్ మీదికి రోగనిరోధక కణాలు కదిలి వస్తాయి. 1976లో కెనడాలో మోరాలెస్ ఈ ఫలితాలు ప్రకటించారు. ఇప్పటికీ అదే వాడుతున్నారు.

మరి మనం ఇంట్లో చేయగలిగిందేమిటి? చిగుళ్ళ నుంచి రక్తం వస్తుంటే పళ్ళ డాక్టరు దగ్గరికి వెళ్ళండి. దానివల్ల క్యాన్సర్ రాకుండా ఉంటుందని నేను హామీ ఇవ్వను, పళ్ళు మాత్రం దక్కుతాయి. మలంలో రక్తం పడితే మొలలేలే అని సరిపెట్టుకోకుండా పరీక్ష చేయించుకోండి. ముఖ్యంగా మగవాళ్ళు, ఆడిట్ అయ్యాక, మార్చి అయ్యాక అని వాయిదా వేయకండి. కడుపులో పైలోరీ ఉందని డాక్టరు మందులు రాస్తే, మంట తగ్గిందని మధ్యలో ఆపకుండా కోర్సు పూర్తి చేయండి.

ఎవరో అమ్మాయి చీటీ పంపింది. "అమ్మకి కీమో జరుగుతోంది మేడమ్, పెరుగన్నం పెట్టవచ్చా? ప్రోబయాటిక్ బిళ్ళలు కొనమంటారా?" అని. తెల్లకణాలు మరీ తక్కువగా ఉన్న రోజుల్లో ఏది తినాలో ఆసుపత్రి వాళ్ళనే అడుగమ్మా. మిగతా రోజుల్లో ఇంట్లో శుభ్రంగా తోడేసిన పెరుగుకు సాధారణంగా అభ్యంతరం చెప్పరు. బిళ్ళలు మాత్రం డాక్టరు చెప్పకుండా కొనకు. ఇంకా చీటీలు ఉంటే పంపించండి.