నిలబడగానే పరుగెత్తే గుండె

స్కానింగులో కనబడని, మామూలు రక్తపరీక్షకు దొరకని ఒక బాధ గురించి ఈ ఉపన్యాసంలో మాట్లాడతాను. దాన్ని మోస్తున్న పిల్లల మాట మనం నమ్మడం లేదు, అందుకే ఈ విషయం ఎంచుకున్నాను.

పడుకున్న మనిషి లేచి నిలబడగానే అర లీటరుకు పైగా రక్తం కాళ్లలోకి, పొట్టలోకి దిగుతుంది. మెడ ధమనిలో ఒత్తిడిని పసిగట్టే నాడీకొసలు మెదడుకు కబురు పంపుతాయి. రక్తనాళాలు బిగుస్తాయి, గుండె కాస్త వేగం పెంచుతుంది. ఇదంతా స్వయంచోదిత నాడీవ్యవస్థ పని. కొందరిలో ఆ బిగింపు చాలదు, లోటంతా గుండె ఒక్కటే పూడ్చాలి. 12 నుంచి 19 ఏళ్ల వయసువాళ్లలో, నిలబడిన 10 నిమిషాల్లో గుండె వేగం నిమిషానికి 40 లేదా అంతకు మించి పెరిగి, బీపీ మాత్రం పడిపోకుండా, బాధలు కనీసం మూడు నెలలు సాగితే పాట్స్ అంటారు. 1993లో అమెరికాలోని మేయో క్లినిక్ వైద్యులు ఈ పేరు ఖాయం చేశారు. ఆడపిల్లల్లో ఎక్కువ. చాలామందికి ఏదో వైరస్ జ్వరం తగ్గాక మొదలవుతుంది.

బడిలో ప్రార్థన వరస ఊహించుకోండి. పాట పూర్తికాకముందే ఆ అమ్మాయికి చూపు మసకబారుతుంది. అరచేతులు చల్లబడతాయి, వేళ్లు వణుకుతాయి, గుండెచప్పుడు తన చెవులకే వినిపిస్తుంది. చూసేవాళ్లకు అచ్చం భయంలాగే ఉంటుంది. భయపడినప్పుడు ఊరే నార్‌ఎపినెఫ్రిన్ అనే రసాయనమే ఇక్కడా ఊరుతోంది మరి! “పరీక్షల టెన్షన్”, “బడి ఎగ్గొట్టే నాటకం” అని తేల్చేస్తాం.

ఆందోళనను కొలిచే ప్రశ్నావళుల్లోనూ ఇదే చిక్కు. గుండెదడ ఉందా, వణుకు ఉందా అని అడుగుతారు. ఈ పిల్లలు ఉందంటారు, మార్కులు పెరిగిపోతాయి. 2009లో పరిశోధకుడు సతీశ్ రాజ్ బృందం శారీరక లక్షణాల బరువు తక్కువగా ఉండే కొలమానంతో చూస్తే, పాట్స్ ఉన్నవారికీ లేనివారికీ ఆందోళనలో చెప్పుకోదగ్గ తేడా కనబడలేదు. ధ్యాస నిలపలేకపోవడం మాత్రం నిలిచింది. అలాగని వీళ్ల మనసుకు నొప్పి లేదనను. చెప్పింది నమ్మకపోతే, స్నేహితులు దూరమైతే ఏ పిల్లకైనా దిగులు పుడుతుంది. కౌన్సెలింగ్ కావాలి. నాడి చూడకుండా కౌన్సెలింగ్‌కు పంపి చేతులు దులుపుకోవడమే నాకు బాధ.

ఇక వ్యాయామం. 1966లో అమెరికాలోని డల్లాస్‌లో ఒక పరిశోధన కోసం ఐదుగురు కుర్రాళ్లను 20 రోజులు మంచం దిగనివ్వలేదు. 30 ఏళ్ల తర్వాత ఆ ఐదుగురినే మళ్లీ పరీక్షిస్తే, మూడు దశాబ్దాల వయసు తగ్గించిన సత్తువ కన్నా ఆ మూడు వారాల మంచం తగ్గించిందే ఎక్కువని తేలింది. మన పిల్లకు ఆటలు మాన్పించి పడుకోబెడితే జరిగేదీ ఆ దారిలోనే. రక్తం పరిమాణం తగ్గుతుంది, గుండె చిన్నబడుతుంది, నిలబడటం మరింత కష్టమవుతుంది. డల్లాస్‌లోనే బెంజమిన్ లెవిన్ బృందం 2010లో ప్రచురించిన పరిశోధనలో, మూడు నెలల శిక్షణ పూర్తిచేసిన వారిలో సగానికి కాస్త పైగా పాట్స్ ప్రమాణాల నుంచి బయటపడ్డారు. శిక్షణ పరుగుతో మొదలవలేదు. వెనక్కి వాలి తొక్కే సైకిలు, పడవ తెడ్డు వేసినట్టు లాగే యంత్రం, ఈత: రక్తం కాళ్లలోకి జారని భంగిమలే ముందు. నిటారు కసరత్తు తర్వాతి నెలల్లో.

ఒక హెచ్చరిక తప్పనిసరి. కొద్దిపాటి శ్రమకే మర్నాటి నుంచి రోజుల తరబడి కుప్పకూలిపోయే పిల్లలున్నారు. వారి జబ్బు దీర్ఘకాలిక నిస్సత్తువ కావచ్చు, వారికి ఈ పద్ధతి హాని చేయవచ్చు. ఆ జబ్బుకు రోజురోజుకూ శ్రమ పెంచే చికిత్సను బ్రిటన్ వైద్య మార్గదర్శకాలు 2021లో వద్దన్నాయి. అందుకే కసరత్తు మొదలుపెట్టే ముందు రక్తహీనత, థైరాయిడ్, ఈసీజీ చూడాలి. మర్నాడు ఎలా ఉందో పిల్లనే అడగాలి.

పీఈటీ పీరియడ్ మినహాయింపు చీటీలు రాసే డాక్టర్లకు నా మనవి. “ఆటలు వద్దు” అని ఒక్క ముక్క రాసి పంపకండి. ప్రార్థనలో కూర్చోవచ్చు, నీళ్ల సీసా దగ్గరుంచుకోవచ్చు, కళ్లు తిరిగితే కాళ్లు ఎత్తిపెట్టి పడుకోవచ్చు, పడుకుని చేసే ఫలానా కసరత్తు ఇన్ని నిమిషాలు చేయవచ్చు అని రాయండి. కింద మళ్లీ చూపించాల్సిన తేదీ వేయండి.