పదవీత్యాగము: నీలం సంజీవరెడ్డిగారి జీవితము
(ఒక గ్రంథాలయ సభలో చేసిన ఉపన్యాసము)



పదవుల నధిష్ఠించినవారు మన దేశమున పెక్కుమంది కలరు. సకాలమున వానిని విడిచినవారు మిక్కిలి తక్కువ. అట్టి కొలదిమందిలో చేర్చదగినవారు నీలం సంజీవరెడ్డిగారు. నేడు మేము వారిని గూర్చి ముచ్చటింప దలచితిమి.

వారు 1913లో అనంతపురము జిల్లా ఇల్లూరున రైతుకుటుంబమున జన్మించిరి. 1929లో మహాత్ముని అనంతపుర సందర్శనము వారి జీవితమార్గమును మార్చినది. 1931లో కళాశాలను విడిచి ఉద్యమమున దిగిరి. 1940-45 నడుమ అధికకాలము కారాగారముననే గడపిరి. 1946లో మద్రాసు శాసనసభకు ఎన్నికైరి, రాజ్యాంగసభయందును సభ్యులైరి. 1953లో ప్రకాశం పంతులుగారి మంత్రివర్గమున ఉపముఖ్యమంత్రులు; 1956లో ఆంధ్రప్రదేశమునకు ప్రథమ ముఖ్యమంత్రులు. 1960లో ఆ పదవిని వీడి కాంగ్రెసు అధ్యక్షులైరి. 1962లో మరల ముఖ్యమంత్రులైరి.

న్యాయవాదులమగు మాకు 1964 నాటి ఘట్టము ముఖ్యమైనది. కర్నూలు జిల్లాలో కొన్ని బస్సు మార్గములను ప్రభుత్వపరము చేయు పథకమును సుప్రీంకోర్టు కొట్టివేసినది. ముఖ్యమంత్రి రాజకీయ ప్రత్యర్థులపై కక్షతో ఇట్లు చేయించిరని బస్సు యజమానుల ఆరోపణ. దానిని ఖండించుచు ముఖ్యమంత్రి ప్రమాణపత్రము దాఖలు కానందున, ఆరోపణను అంగీకరింపక తప్పదని న్యాయస్థానము తలచినది. ప్రమాణపత్రము లేకుండుట లోపమే. దానిని మేము దాచము. కాని ఆ తీర్పు వారిని పదవినుండి తొలగింపలేదు. శాసనసభలో బలమునకు కొదువ లేదు. అయినను వారు రాజీనామా ఇచ్చిరి.

అంతతో వారి ప్రజాజీవితము ముగియలేదు. అదే సంవత్సరమున లాల్ బహదూర్ శాస్త్రిగారు వారిని కేంద్రమున ఉక్కు, గనుల మంత్రిగా గైకొనిరి. 1966లో ఇందిరాగాంధీగారి మంత్రివర్గమున రవాణా, విమానయాన శాఖలను నిర్వహించిరి. 1967లో హిందూపురమునుండి లోకసభకు ఎన్నికై సభాపతులైరి. సభాపతి ఏ పక్షమునకును చెందరాదని తలచి కాంగ్రెసు సభ్యత్వమును వదలుకొనిరి. 1969లో రాష్ట్రపతి పదవికై పోటీచేయుటకు సభాపతిత్వమును కూడ వీడిరి. వారు కాంగ్రెసు అభ్యర్థియే యైనను, ప్రధానమంత్రి సభ్యులను మనస్సాక్షి ననుసరించి ఓటు వేయుడని కోరిరి, వి.వి. గిరిగారు గెలిచిరి. సంజీవరెడ్డిగారు స్వగ్రామమునకు మరలి సేద్యము చేసికొనిరి.

1977లో ఆంధ్రప్రదేశమునందలి 42 స్థానములలో 41 కాంగ్రెసు గెలువగా, మిగిలిన నంద్యాలలో జనతాపక్షమున వారొక్కరే నెగ్గిరి. మరల సభాపతులై, ఆ సంవత్సరమే జూలైలో పోటీ లేకయే రాష్ట్రపతిగా ఎన్నికైరి. ఎనిమిదేండ్ల క్రిందట చేజారిన పదవి తానుగా వచ్చినది.

వారి చర్యలన్నియు నిర్వివాదములని మేము చెప్పము. 1979 ఆగస్టులో, లోకసభ విశ్వాసమును పరీక్షింపని చరణ్ సింగు గారి సలహాపై, జగ్జీవన్ రామ్ గారికి అవకాశ మీయక, సభను రద్దుచేయుట నేటికిని వివాదాస్పదమే. 1982లో పదవీకాలము ముగిసినది. 1996లో వారు దివంగతులైరి.

నేడు న్యాయస్థానము తప్పుపట్టినను, అప్పీలు మిగిలియున్నదిగదా యని పీఠమును వీడని నాయకులను చూచుచున్నాము. అప్పీలు కక్షిదారుని హక్కు. దానిని మేము కాదనము. కాని మంత్రిపదవి ప్రజలు నమ్మి అప్పగించిన సొత్తు. నమ్మకము సడలినదని తోచిననాడు దానిని వారికి తిరిగి ఒప్పగింపవలెను. 1964లో సంజీవరెడ్డిగారు ఆ పని చేసిరి. మన ప్రతినిధులను కూడ అట్లే చేయుడని అడుగుట ఓటరులమైన మన విధి.