ఇడైసేవల్: కరిసల్ నేలలో ఒక తెలుగు పల్లె



మదురై నుంచి తిరునెల్వేలికి పోయే రహదారిలో కోవిల్‌పట్టి దాటిన తర్వాత, కయత్తారు ఇంకా రాకముందే, ఇడైసేవల్ అనే చిన్న పల్లె ఉన్నది. కయత్తారు పేరు అందరూ విన్నదే. పాంచాలంకురిచ్చి పాలెగాడు, తెలుగు కుటుంబీకుడు వీరపాండ్య కట్టబొమ్మనను 1799 అక్టోబరు 16న కుంపిణీవారు ఉరితీసిన చోటది. అక్కడ విగ్రహం ఉన్నది. ఆయన కథ 1959లో చలనచిత్రంగా ఊరూరా ఆడింది. ఇడైసేవల్‌ను మాత్రం బస్సులో పోయే తెలుగువారు తలయెత్తి చూడరు. అయినా ఈ జూబిలీ వేళ తలచుకోదగిన పల్లె అదే.

తూత్తుకుడి సముద్రతీరపు జిల్లా. కాని ఈ పల్లె వాసిది మెట్ట బ్రతుకు. నేల నల్లరేగడి, తమిళంలో కరిసల్ అంటారు. ఎండకు నెర్రెలు విచ్చుతుంది, వాన పడితే కాలికి అంటుకొని నడవనీయదు. తామ్రపర్ణి దక్షిణాన పారుతుంది. ఆ నీరు ఈ మెట్టకు ఎక్కదు. జిల్లా అంతటికీ ఏటా పడే వాన సుమారు 650 మిల్లీమీటర్లు. అందులోనూ అధికభాగం ఈశాన్య ఋతుపవనం తెచ్చేదే. ఆశ్వయుజ కార్తికాలలో ఆకాశం మోసం చేస్తే ఆ ఏడు అంతటితో సరి. పత్తి, సజ్జ, జొన్న, మినుము, మిరప: ఇవే పంటలు. వానమీదనే ఆధారపడిన పత్తి సేద్యాన్ని పరిశీలించడానికి 1901లోనే కోవిల్‌పట్టిలో ప్రభుత్వ వ్యవసాయ పరిశోధన కేంద్రం నెలకొన్నదంటే ఈ నేల రైతును ఎంత పరీక్షించిందో ఊహించుకోవచ్చు.

ఇంత గడ్డు నేలను తెలుగువారు ఎందుకు ఎన్నుకొన్నారు? నిజానికి ఎన్నుకొనే అవకాశం వారికి ఎక్కువగా లేదు. విజయనగర ప్రతినిధిగా విశ్వనాథ నాయకుడు 1529లో మదురై పాలన చేపట్టిన తర్వాత సీమను పాలెములుగా విభజించారు. సంప్రదాయం వాటిని 72 అని లెక్కిస్తుంది. సైన్యం వెంట, సైన్యం వెనుక రైతులు, కమ్మరులు, నేతగాండ్రు దిగి వచ్చారు. నదుల వెంటనున్న మాగాణి అప్పటికే తమిళ రైతుల చేతిలో ఉన్నది. మిగిలినది ముండ్లపొదలతో నిండిన నల్లరేగడి. దానిని దున్నే మెలకువ వచ్చినవారు తమ సీమనుంచే తెచ్చుకొన్నారు. కోయంబత్తూరు సీమలోనూ తెలుగు రైతులు నల్లరేగడిలో పత్తి పండించారు. వారి సంతతివారే తరువాత నూలు మిల్లులు నెలకొల్పారు. 1910లో లక్ష్మీ మిల్లు స్థాపించిన కుప్పుస్వామి నాయుడు, 1893లో కలంగల్ అనే పల్లెలో పుట్టి యంత్రవిద్యలో పేరు గడించిన జి.డి.నాయుడు అటువంటి కుటుంబాలవారే. కరిసల్ పల్లెలకు ఆ అదృష్టం పట్టలేదు. అక్కడ పత్తి పండించినవారు పత్తి పండిస్తూనే ఉండిపోయారు.

భాష సంగతి ఇంకా విచిత్రం. మదురై నాయకుల కొలువులో తెలుగు వెలిగింది. 1706 నుంచి 1732 వరకు ఏలిన విజయరంగ చొక్కనాథుడు స్వయంగా తెలుగు వచన గ్రంథాలు రచించాడు. సముఖము వేంకటకృష్ణప్ప నాయకుని ‘జైమిని భారతము’ ఆ కాలపు వచనానికి మేలైన ఉదాహరణ. 1736లో ఆ రాజ్యం అంతరించింది. దానితోపాటు ఆ గ్రంథాలను పోషించే చేతులూ పోయాయి. నాగలి పట్టినవాని తెలుగు మాత్రం పోలేదు. అవ్వను పిలిచే పిలుపు, బిడ్డను జోకొట్టే మాట ఇంటిలో తెలుగుగానే సాగినవి. పద్దు, పత్రం, పెండ్లి శుభలేఖ తమిళంలోనికి మారినవి. కొలువు తెలుగుకు గ్రంథాలు మిగిలాయి. పల్లె తెలుగుకు నోరు ఒక్కటే మిగిలింది.

ఆ నోటిమాటకు అక్షరం దొరకడం ఇడైసేవల్ వల్లనే జరిగింది. ఈ పల్లెలో ఇంచుమించు ఒకే కాలంలో, 1920ల ఆరంభంలో, ఇద్దరు బాలురు పుట్టి స్నేహితులుగా పెరిగారు. ఒకరు కు.అళగిరిసామి, మరొకరు తెలుగింటి బిడ్డ కి.రాజనారాయణన్. ఇద్దరూ తమిళ రచయితలయ్యారు. ఇద్దరికీ కేంద్ర సాహిత్య అకాడమీ పురస్కారం లభించింది: అళగిరిసామికి మరణానంతరం 1970లో, రాజనారాయణన్‌కు 1991లో. పెద్ద పట్టణాలు కూడ చెప్పుకోలేని గౌరవమిది.

కి.రా. అని అందరూ పిలిచే రాజనారాయణన్ ఉన్నత పాఠశాల చదువు పూర్తిచేయలేదు. సేద్యం చేశాడు, రైతు ఉద్యమంలో జైలుకు పోయాడు, ముప్పైయేళ్ళు దాటాక కలం పట్టాడు. 1976లో వచ్చిన ఆయన ‘గోపల్ల గ్రామం’ నవలలో నూటముప్పైయేడేండ్ల మంగత్తాయారు అనే ముసలమ్మ తమవారి వలస కథ చెబుతుంది. ఒక పాలకుని కన్ను ఇంటి ఆడపిల్లపై పడగా రాత్రికి రాత్రే ఊరు విడవడం, నది దాటడం, దక్షిణాన అడవి తగులబెట్టి పొలాలు చేసుకోవడం అందులో ఉన్నవి. నవలను చరిత్ర అనుకోరాదు. అయితే ఇటువంటి కథనే తమిళనాట ఎన్నో తెలుగు కుటుంబాలు తరతరాలుగా చెప్పుకొన్నవి. తెలుగు నోళ్ళలో బ్రతికిన ఆ జ్ఞాపకం తమిళ లిపిలో నిలిచింది.

ఆయన ‘కదవు’ అనే కథ తప్పక చదువదగినది. కదవు అంటే తలుపు. తండ్రి పనికోసం దూరం పోయాడు. ఇంటి తలుపునే బస్సు చేసుకొని పిల్లలు ఆడుకొంటారు. పన్ను బాకీ పేరున ఊరి అధికారి ఆ తలుపును ఊడదీసి పట్టుకుపోతాడు. చలిగాలికి ఇంటిలోని పసివాడు చనిపోతాడు. కొన్నాళ్ళకు చావడి వెనుక పడివున్న తలుపును చూసి పిల్లలు దానిని కావలించుకొంటారు. కరిసల్ కరవును గురించి ఏ నివేదికా ఇంత చెప్పలేదు.

1982లో ఆయన కరిసల్ సీమ వాడుక మాటలకు నిఘంటువు కూర్చాడు. తమిళంలో మాండలిక నిఘంటువులకు అదే దారి చూపింది. ఇంటిలో తెలుగు మాట్లాడే మనిషి పొరుగు భాషకు చేసిన ఉపకారమిది. ఇంటి భాషకు అటువంటి పని చేసినవారు కరిసల్ పల్లెలలో ఎందరున్నారని అడిగితే సమాధానం చెప్పడం కష్టం.

2006లో తమిళనాడులో వచ్చిన తమిళ అభ్యసన చట్టం వలన పదవ తరగతి వరకు తమిళం క్రమంగా తప్పనిసరి పాఠమయింది. తమిళం నేర్వడం నష్టమని ఇడైసేవల్ కథ విన్నవారెవరూ అనరు. ప్రశ్న మరొకటి. అవ్వ మాట వ్రాసుకోవడానికి బిడ్డకు యాభైయారు అక్షరాలు ఎవరు దిద్దించాలి? ప్రతి జూన్ నెలలో బడి చేర్పింపుల వేళ తల్లిదండ్రుల ముందు నిలుస్తున్న ప్రశ్న ఇదే. డెబ్బైఐదేండ్లుగా ఈ పాఠశాల తలుపు ఆ పనికోసమే తెరిచి ఉన్నది.

2021 మే 17న కి.రా. పుదుచ్చేరిలో కన్నుమూశారు. ఇడైసేవల్‌లో ప్రభుత్వ లాంఛనాలతో అంత్యక్రియలు జరిగాయి. ఆయన కొద్దికాలమే చదివిన ఆ ఊరి బడిని పునరుద్ధరిస్తామని ప్రభుత్వం ప్రకటించింది. 2022 డిసెంబరులో కోవిల్‌పట్టిలో ఆయన పేరిట స్మారక మందిరం వెలిసింది. తమిళ రచయితలు, పాఠకులు ఆయనను చివరివరకు ప్రేమతో ఒకే మాటతో పిలిచారు. ఆ మాట తమిళం కాదు, ఆయన ఇంటిలోనిదే: ‘నైనా’.